గొంతు అప్పగింత

రోహిణి కార్తె

నీళ్ళు బాగానే వచ్చాయి. ఉప్పు తీసే మిషను ఒకసారి మొరాయించింది, పక్కన నిలబడి నాలుగు తట్లు తట్టాను, దారికి వచ్చింది. కింది వీధి వంతు ముందు, పై వీధి వంతు తర్వాత. పగలంతా ఊరు మూసుకునే ఎండమూతకు తలుపులు పడేలోపు అందరి తొట్లూ నిండాయి.

ఈ డైరీలో నేను రాయాల్సింది ఇంతే. నక్కలమిట్టకు నీళ్ళు చూసే పని నాది కాబట్టి రోజూ నీళ్ళ సంగతి రాసిపెట్టాలి. కాటమయ్య మామ ఊరి యంత్రాలన్నింటికీ పెద్ద. ఆయన అప్పుడప్పుడు తిరగేసి, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయని మెచ్చుకుని, ఒక్క ముక్క చదవకుండా తిరిగి ఇచ్చేస్తాడు. ఎవరూ చదవని పుస్తకంలో ఏం రాస్తే ఏమవుతుంది? ఇకనుంచి నాకు తోచింది కూడా రాస్తాను.

ఈ రోజు తోచింది నరసమ్మవ్వ సంగతి. అవ్వది మా పక్కిల్లు. ఆమె మనవరాలు నాగవేణి నా ఈడుది, చిన్నప్పటి నుంచీ నా స్నేహితురాలు. రెండేళ్ళ కిందట పట్నం వెళ్ళిపోయింది. వెళ్ళేముందు అందరు ఆడపిల్లల్లాగే తన గొంతు అప్పగించి వెళ్ళింది. రెండు కార్తెల పాటు గొంతు ఎక్కించుకుని ఇల్లు నడిపే పెట్టెను మెడలో వేసుకుని తిరిగింది. పాలు పితుకుతూ, అవ్వకు మాత్రలు ఇస్తూ, తలుపులు మూస్తూ, మనసులో ఏమనుకుంటే అది దానికి చెప్పుకుంటూ వచ్చింది. ఆఖరి రోజున అవ్వ ఆమె ఒడిలో బియ్యం పోసి, పెట్టెకు కుంకుమ పెట్టి గోడకు తగిలించింది. అప్పటి నుంచి ఆ ఇంటి తలుపులు, నీళ్ళు, చల్లగాలి, ఆవు, అవ్వ అన్నీ నాగవేణి గొంతు చేతిలోనే ఉన్నాయి. ఊళ్ళో చాలా ఇళ్ళు ఇప్పుడు ఇలాగే నడుస్తున్నాయి. మగపిల్లలు మీసాలు రాకముందే గాలిమరల పనికి వెళ్ళిపోతారు. వాళ్ళ గొంతు పెట్టెలో పెట్టినా అన్నం ఎప్పుడు అని అడగడం తప్ప దానికి ఏం వస్తుంది?

ఈ రోజు పొద్దున ఆ గొంతు అవ్వకు మాత్రలు ఇవ్వలేదట. ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో చెప్పి, డబ్బా అవ్వ చేతికి అందేలా అర తెరిచి, ఇకనుంచి నువ్వే చూసుకోవాలి, నేను పోయాక ఎవరిస్తారు అందట. అవ్వ నవ్వుతూ చెప్పింది, నేనూ నవ్వాను. ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే నవ్వు పోయింది. నాగవేణి వెళ్ళి రెండేళ్ళయింది. ఇంకా పోవాల్సింది ఎవరు?

మృగశిర కార్తె

ఒకప్పుడు ఈ కార్తెలో చినుకులు పడేవట. నీళ్ళు మామూలే.

మా ఇంట్లో పెద్ద వార్త. మా చెల్లెలు గంగరత్నకు పట్నంలో నర్సు చదువుకు సీటు వచ్చింది. మఖ కార్తె దాటేలోపు వెళ్ళి చేరాలి, లేకపోతే సీటు వేరేవాళ్ళకు పోతుంది. అమ్మ మా ఇద్దరికీ బెల్లం పెట్టింది. తర్వాత పెరట్లోకి వెళ్ళి చాలాసేపు రాలేదు. అమ్మ పేరు సుంకమ్మ. ఊళ్ళో వాళ్ళు గట్టి మనిషి అంటారు. ఆమె పెరట్లో ఎంతసేపు ఉంటుందో వాళ్ళకు తెలియదు.

ఊళ్ళో పెళ్ళి ఈడు ఆడపిల్లలం మేమిద్దరమే మిగిలాం. నాకు కూడా పట్నంలో పని ఉంది, నాగవేణి చూసిపెట్టింది. విత్తనాలు మొలకెత్తించే చోట. రెండేళ్ళ నుంచి వస్తున్నానంటూనే ఉన్నాను. ఈ పంట కానీ అన్నాను. అమ్మ మోకాలు తగ్గనీ అన్నాను. సంచి సర్దుతాను, వెళ్ళాలని రెండు రోజులు గుబులుగా ఉంటుంది, తర్వాత అదే తగ్గిపోతుంది, బట్టలు తీసి మళ్ళీ దండెం మీద వేస్తాను. "నువ్వు పోయేలోపల పట్నమే ఇక్కడికొస్తాదిలే అక్కా" అంటుంది రత్న. దానికి ఈ గుబులూ సర్దుబాటూ లేవు. వెళ్తానంది, వెళ్తుంది. నాకు దాన్ని చూస్తే గర్వంగానూ ఉంటుంది, కాస్త మంటగానూ ఉంటుంది.

నరసమ్మవ్వ ఇంటి గొంతు నిన్న ఆవును బేరం పెట్టింది. కాటమయ్య మామ ఇంట్లో ఆయన కూతురి గొంతు నాలుగేళ్ళుగా ఉంది. అది ఇప్పుడు ఇంటి పనులన్నీ తెల్లారకముందే ముగించి తలుపులు బార్లా తీసి పెడుతోంది. ఏంటికమ్మా అని అడిగితే, టైమవుతాంది నాయనా అందట. మామ ఆ మాట చెప్పి నవ్వబోయాడు కానీ నవ్వు రాలేదు.

ఆరుద్ర కార్తె

నీళ్ళు రాసే ఓపిక లేదు. వచ్చాయి.

నరసమ్మవ్వ పోయింది.

ఎండమూతలో ఊరంతా తలుపులు పడి ఉంటాయి. బయట నడిస్తే అరికాళ్ళు బొబ్బలెక్కుతాయి, కాసేపటికి మనిషికి తల తిరుగుతుంది, ఆ తర్వాత ఇక లేవడు. పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఇది. అందుకే తలుపుల పని పెట్టెలకు ఇచ్చాం. పొద్దు వాలాక మా తలుపు తెరుచుకుంది. నీళ్ళ మిషను దగ్గరికి వెళ్తున్న నాకు దారిలో అవ్వ కనిపించింది. ఊరి ప్రహరీ గేటుకు వెళ్ళే బాటలో పక్కకు ఒరిగి ఉంది. చేతిలో గుడ్డసంచి ఉంది. సంచిలో రెండు చీరలు, మాత్రల డబ్బా, తాత ఫోటో. కాళ్ళకు చెప్పులు లేవు. ఆ పాదాలను నేను చూశాను. వాటి గురించి ఇక్కడ రాయను.

ఆమె ఇంటి తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్ళాను. నాగవేణి గొంతు నన్ను గుర్తుపట్టింది. హుషారుగా ఉంది, ఊరెళ్ళే రోజు మనిషి గొంతులో ఉండే హుషారు.

"వచ్చినావా హంపీ? అవ్వను ముందు పొమ్మన్నా. నేను తలుపేసి వెనకాలే వస్తాండా."

నేను ఏడుస్తూనే చేయి పెట్టి పెట్టెను గోడ మీద నుంచి లాగబోయాను. అది గోడకు బిగుసుకుపోయి ఉంది, రాలేదు. టైమవుతాంది హంపీ, టైమవుతాంది అని చెబుతూనే ఉంది.

పునర్వసు కార్తె

అవ్వను మట్టి చేశాక ఊరందరూ కాటమయ్య మామ ఇంటి ముందు కూర్చున్నారు. ఇప్పుడు ఎండమూతకు ముందు ప్రతి తలుపునూ తాళ్ళతో బిగించి కడుతున్నాం. లోపల ముసలివాళ్ళను గొంతులు పిలుస్తున్నాయి. రామ్మా, సంచి తీసుకో, పట్నం బండి వచ్చేస్తుంది అని. సొంత కూతురు పిలుస్తుంటే ఎంతమంది గట్టిగా కూర్చోగలరు? కొందరు తాళ్ళు విప్పుకోబోయారు.

ఏమై ఉంటుందో ముందు నాకే తట్టింది. నాగవేణి పెట్టె మెడలో వేసుకుని తిరిగిన రోజులు నాకు బాగా గుర్తు. దాని మనసంతా అప్పటికే పట్నంలో ఉంది. పాలు పితుకుతూ తొందర, మాత్రలిస్తూ తొందర. పెట్టెకు చెప్పింది కూడా అదే. కంపెనీ వాళ్ళు పెట్టెలిచ్చినప్పుడు మనిషి మనసు నిలకడగా ఉన్న రోజుల్లో నింపమన్నారట. మనవాళ్ళు మనిషి ఇంట్లో ఉండగా పెట్టెకు చాకిరీ నేర్పడం దండగ అనుకున్నారు. కరెంటు ఖర్చు, ఆడపిల్లకు పని చెడటం. అందుకని వెళ్ళే నెలలోనే నింపడం ఆనవాయితీ చేసుకున్నారు. అలా ఊళ్ళో ఉన్న పెట్టెలన్నింటిలోనూ రేపో ఎల్లుండో బయల్దేరే ఆడపిల్ల కూర్చుంది. నాగవేణి బండెక్కి వెళ్ళి తన తొందర తీర్చుకుంది. పెట్టెకు కాళ్ళు లేవు. తొందర దానిలోనే ఉండిపోయి ముదిరింది.

కంపెనీ ఎప్పుడో మూతపడింది, బాగుచేయడానికి వచ్చేవాళ్ళు లేరు. పెట్టెలు తీసేస్తే నీళ్ళ మిషను ఆగుతుంది, చల్లగాలి ఆగుతుంది. ఒక్క పగలు కూడా దాటలేం. ఉన్న గొంతు మీద కొత్త గొంతు ఎక్కించడం ఒక్కటే దారి. పెద్దవాళ్ళ మాట దానికి పట్టదు, చిన్న వయసువాళ్ళదే ఎక్కుతుంది. అందరూ అటూ ఇటూ చూసి చివరికి నన్నూ రత్ననూ చూశారు. రత్న నేల చూసింది.

మర్నాడు మామ ఒక్కడే మా ఇంటికి వచ్చాడు. అమ్మ ఇచ్చిన మజ్జిగ తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని చాలాసేపు తిప్పాడు.

"పోవాలని నీ మనసులో ఏ మూలనన్నా ఉంటే వద్దు మే. అది గూడా దిగుతాది దాంట్లోకి. నిజంగా ఉండాలనుంటేనే చెప్పు, నేను బలవంతం చేసేది లేదు."

"ఉంటా మామా. రత్నను మాత్రం పంపించాల."

"పంపిస్తాం. ఇది నా మాట."

నాకు ఏడుపు వస్తుందనుకున్నాను. రాలేదు. హాయిగా అనిపించింది, నిజం రాయాలంటే. వెళ్ళాలా ఉండాలా అని రెండేళ్ళుగా నా బుర్ర నేనే తిన్నాను. ఇప్పుడు ఆ పీడ విరగడైంది. రత్న మాత్రం నాతో మాట్లాడకుండా తన సంచికి కొత్త బొత్తాలు కుట్టుకుంది. రాత్రి అన్నం దగ్గర ఒకటే అడిగింది, నిజంగానే నీకు ఉండాలని ఉందా అని. ఉందన్నాను. తలూపింది. నమ్మిందో లేదో తెలియదు.

పుష్యమి కార్తె

నీళ్ళు మామూలే. పెట్టె మెడలో ఉంది. తాడు ఒరుసుకుని మెడ ఎర్రబడింది.

పొద్దున లేచిన దగ్గర నుంచీ నాతో నేను మాట్లాడుకుంటున్నట్టే ఉంది. ఎవరి తొట్టి ముందు నింపాలి, ఎందుకు. ఎవరి ఆవు ఎవరు ముట్టుకుంటే పాలు ఎగచేపుతుంది. ఎవరి తలుపు గాలికి కొట్టుకుంటుంది. ఊళ్ళో ఇన్ని సంగతులు నాకు తెలుసని నాకే తెలియదు. ఇవన్నీ తెలిసిన మనిషి ఎక్కడికి వెళ్తుంది చెప్పండి? చెబుతున్న కొద్దీ ఉండాలనే అనిపిస్తోంది, ఒట్టు.

అయితే నాకు ఒక భయం ఉంది. నా పాత గుబులు దానిలోకి దిగకూడదు. మొన్న బండి వచ్చి గేటు అవతల హారన్ కొట్టినప్పుడు నా గుండె జల్లుమంది. వెంటనే పెట్టెకు చెప్పాను. నాకు అప్పుడప్పుడు ఇలా పోవాలనిపిస్తుంది, అది ఉత్తదే, రెండు రోజులుంటే తగ్గిపోతుంది, నువ్వు దాన్ని పట్టించుకోవద్దు అని. ఒకసారి చెబితే సరిగా ఎక్కుతుందో లేదో అని ఆ మాట ప్రతిసారీ చెబుతున్నాను.

ఆశ్లేష కార్తె

అవ్వ గురించి కూడా చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటాను? తలుపులు ఎందుకు మూయాలో దానికి అర్థం కావాలి కదా. ఆ పాదాల గురించి ఈ పుస్తకంలో రాయనన్నాను. పెట్టెకు మాత్రం అంతా చెప్పాను. గడప దాటిన ప్రతి మనిషికీ ఇప్పుడు నాకు ఆ పాదాలే కనిపిస్తున్నాయని చెప్పాను. నా గొంతు వణికింది. అది కూడా ఎక్కి ఉంటుంది.

నిన్న రత్న చీరలు మడతపెడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఇది వెళ్తే నాకు ఊపిరాడదు అని పైకే అనేశాను. పెట్టె మెడలో ఉందని ఒక క్షణం మరిచాను. అయినా పంపిస్తానులే అని తర్వాత కలిపాను.

ఆఖరి రోజున అమ్మ నా ఒడిలో బియ్యం పోసింది. వెళ్ళే పిల్లకు పోసే బియ్యం, ఉండే పిల్లకు పోయడం ఇదే మొదలు. కాటమయ్య మామ నా గొంతును ఇంటింటి పెట్టెలోకీ, నీళ్ళ మిషనులోకీ, ఊరి గేటులోకీ ఎక్కించాడు. పొద్దు వాలాక నేను వీధిలోకి వచ్చాను. ప్రతి గుమ్మంలోంచీ నేనే మాట్లాడుతున్నాను. కాళ్ళు కడుక్కో అవ్వా. తాతా, దుప్పటి కప్పుకో. పై వీధిలో ఎవరో నవ్వారు. నాకు సిగ్గేసింది, లోపలికి వచ్చేశాను.

మఖ కార్తె, మొదట్లో

తలుపుల తాళ్ళు విప్పేశాం. ఊరంతా కంటినిండా నిద్రపోతోంది. నీళ్ళు నేను వెళ్ళకముందే వదిలి, ఆపి, తొట్లు కూడా కడిగించి ఉంచుతోంది నా గొంతు. నాకు పని లేదు. అయినా రాస్తున్నాను.

ఎండమూత కొంచెం ముందే పడుతోంది. పొద్దు వాలాక కొంచెం ఆలస్యంగా తెరుచుకుంటోంది. అమ్మకు నచ్చింది. ఎండ పూర్తిగా చల్లారాకే తెరుస్తుంది, బుద్ధిమంతురాలు అంటోంది. ఎవరిని అంటోందో మొదట అర్థం కాలేదు. నా ఎదుట నిలబడి నన్ను మెచ్చుకోవడం అమ్మకు అలవాటు లేదు.

మఖ కార్తె, బండి వచ్చిన రోజు

రత్న బయల్దేరే రోజు. తెల్లవారుజామునే అందరం గేటు దగ్గర ఉన్నాం. రత్న, అమ్మ, నేను, కాటమయ్య మామ, ఇంకా పదిమంది. బండి అవతల వచ్చి ఆగింది. మామ గేటు తెరవమన్నాడు.

"ఇప్పుడొద్దు మామా. బయట గాలి బాగలేదు" అంది నా గొంతు.

గాలి బాగానే ఉంది. ఒక్క ఆకు కదలడం లేదు. రత్న నవ్వింది. నీతోనే చెప్పించుకోవాలనేమో, చెప్పక్కా అంది. నేను ముందుకు వెళ్ళి తెరవమన్నాను.

"నువ్వా? రాత్రంతా నిద్రపోలేదు కదా. ఇంటికిపోయి పడుకో."

అందరూ నవ్వారు. నిజమే, నేను రాత్రి నిద్రపోలేదు. బండివాడు హారన్ కొట్టాడు. నేను గేటుకు చేరగిలబడి, రత్న వెళ్ళాలి, నేనే మాటిచ్చాను, తెరువు అని గట్టిగా చెప్పాను. అది కోప్పడలేదు. నేను రత్నను బుజ్జగించేటప్పుడు ఎలా మాట్లాడతానో అలా మాట్లాడింది.

"నాకు తెలుసులే. నీకప్పుడప్పుడు ఇట్లయితాది. రెండు దినాలుంటే తగ్గిపోతాది."

అవి నేను పెట్టెకు చెప్పిన మాటలే. నవ్వులు ఆగిపోయాయి. గోడ అవతల బండి కదిలి వెళ్ళిపోయిన చప్పుడు విన్నాం. వచ్చే వారం మళ్ళీ వస్తుంది, అదే ఆఖరు, ఆ తర్వాత సీటు ఉండదు. ఇంటికి వచ్చేదాకా రత్న నా చేయి వదల్లేదు. ఇంటికి వచ్చాక వదిలింది.

మఖ కార్తె, అదే వారం

ఇంట్లో ఏం మాట్లాడినా నా గొంతు వింటుంది. అందుకే మాట్లాడను, రాస్తున్నాను.

రోజూ గేటు దగ్గరికి వెళ్ళాను. బతిమాలాను, తిట్టాను, ఏడ్చాను. అన్నింటికీ దాని దగ్గర జవాబు ఉంది, ఎందుకంటే నేనే ఇచ్చాను. అవ్వ పాదాలు మరిచినావా అంటుంది. రత్న పోతే నీకు ఊపిరాడదని నువ్వే అంటివి కదా అంటుంది. ఆ తర్వాత నేను కలిపిన మాట దానికి ఎక్కలేదు. ఎక్కినా, అది వణకని గొంతుతో అన్నది కాబట్టి తేలిగ్గా తీసుకుందేమో. నేను అంతకంటే గట్టిగా మనసు మార్చుకున్నానని దానికి ఎలా చెప్పను? ఇప్పటిదాకా నేను మార్చుకున్న ప్రతి మనసూ రెండు రోజుల్లో సర్దుకుంది. నా గురించి దాని లెక్క తప్పు కాదు.

ఒకటి మాత్రం దానికి తెలియదు. గేటు కాదన్న క్షణంలో నాకు వెళ్ళాలనిపించింది. రత్నతో పాటు నాకూ. అది గుబులు కాదు. నా కాళ్ళు నన్ను అడిగినట్టుంది. ఇన్నేళ్ళూ నేను ఉన్నది వెళ్ళగలను కాబట్టే అని నాకు అప్పుడే తెలిసింది.

కాటమయ్య మామను గేటు పెట్టె తీసేయమని అడిగాను. గేటు, నీళ్ళు ఒకే తీగ మీద ఉన్నాయి, ఒకటి తీస్తే రెండోది ఆగుతుందన్నాడు. అది నిజమే, నాకు తెలుసు. అయితే రత్న గొంతు ఎక్కిద్దామన్నాను. పోవాలనే పిల్ల గొంతా, మళ్ళీ అవ్వలు రోడ్డున పడాలనా అన్నాడు. అదీ నిజమే. మరి మీరిచ్చిన మాట ఏమైంది మామా అన్నాను. ఆయన నా కళ్ళలోకి చూడలేదు. గేటు తెరవనంటే నేనేం చేసేది మే, నీ మాటే కదా అది అన్నాడు.

అమ్మను కూడా అడిగాను. అమ్మ బియ్యం ఏరుతోంది, చేట ఆపలేదు.

"అది చెడ్డమాట ఏం చెప్తాంది? ఉండమంటాంది. నేను నోరు తెరిచి అడగలేంది అది అడుగుతాంది."

మఖ కార్తె, ఆఖరి బండి

నీళ్ళు ఆగాయి. ఎందుకో రాస్తాను.

తెల్లవారుజామున గడ్డపార తీసుకుని నేనూ రత్నా గేటు దగ్గరికి వెళ్ళాం. బండి అవతల ఆగి ఉంది. గేటు ఒక పక్క కీలు పాతది, ఊడదీస్తే మనిషి దూరేంత సందు వస్తుంది. ఇద్దరం కలిసి రెండు పోట్లు వేశాం. కీలు కదిలింది. గేటులోంచి ఒక్క మాట రాలేదు. వెనక ఊళ్ళో కుళాయిలన్నీ ఒకేసారి ఆగిపోయిన చప్పుడు మాత్రం వినపడింది. నీళ్ళ పిల్లని, ఆ చప్పుడు నాకు తెలియకపోవడం ఏమిటి?

తిరిగి చూస్తే జనం వస్తున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ మమ్మల్ని పట్టుకోలేదు. ఖాళీ బిందెలతో వచ్చి బాట వెంట నిలబడ్డారు. ముసలివాళ్ళు, కర్ర ఊతంతో వచ్చినవాళ్ళు, మనవళ్ళను చంకనేసుకున్నవాళ్ళు. అమ్మ కూడా వచ్చింది. అమ్మ చేతిలోనూ బిందె ఉంది. తెల్లారిపోతోంది, తొట్లలో నీళ్ళు లేకుండా ఎండమూత పడితే ఏమవుతుందో అందరికీ తెలుసు. రత్నకూ తెలుసు, నర్సు కాబోయే పిల్ల.

అప్పుడు ఇళ్ళన్నింటిలోంచీ నా గొంతు లేచింది, నెమ్మదిగా, ప్రేమగా. రత్నా, ఇంటికి రా, అన్నం పెడతా.

రత్న చేతులు గడ్డపార మీదే ఉన్నాయి. నావి కూడా.

"పో. నేను చూసుకుంటా, నువ్వు పో" అన్నాను.

నేను ఏం చూసుకోగలనో నాకే తెలియదు. ఊరంత దాహాన్ని నేనేం చేస్తాను? రత్న నా ముఖం చూసింది, అమ్మ బిందె చూసింది, మళ్ళీ నా ముఖం చూసింది.

"ఇన్ని ఇండ్లల్లో ఉండమంటాండేది నువ్వే. ఈడ నిలబడి పొమ్మంటాండేది నువ్వే. నేను ఏ అక్కను నమ్మాల?"

నన్ను అంది, నా కళ్ళలోకి చూసి అంది. అది గడ్డపార వదిలి, సంచి భుజాన వేసుకుని, అమ్మ పక్కగా నడుచుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది. అది మా గుమ్మం దాటగానే కుళాయిలు వచ్చాయి. బిందెలు నింపుకోవడానికి అందరూ గబగబా వెనక్కి వెళ్ళారు. నేను కీలు దగ్గరే ఉన్నాను. ఒక్కదాని బలం చాలలేదు. బండి ఎప్పుడు వెళ్ళిందో గమనించలేదు.

పుబ్బ కార్తె

నీళ్ళు మామూలే.

సీటు గడువు దాటిపోయింది. రత్న ఏడవలేదు, అన్నం మానలేదు. పొద్దున్నే లేచి పాలు పితుకుతుంది, అమ్మ మోకాలికి నూనె రాస్తుంది. అమ్మ ముఖం కళకళలాడుతోంది. ఇంటింటా నా గొంతు రత్నను మెచ్చుకుంటుంది. గేటు కీలును కాటమయ్య మామ కొత్తగా బిగించాడు.

నేను రత్నతో మాట్లాడాలని చూస్తున్నాను. వచ్చే ఏడు మళ్ళీ సీట్లు వస్తాయి, ఏదో ఒక దారి చూస్తాను, నన్ను క్షమించు అని రోజూ చెబుతున్నాను. అది చేసే పని ఆపదు. నా వైపు తిరగదు. ఏ మాట నేను చెప్పినా, అదే గొంతుతో దానికి ఎదురుమాట అప్పటికే వినిపించి ఉంటుంది. కోపమైతే బాగుండును. కోపం నాకు తెలుసు, దాన్ని నేను దించగలను.

ఈ రోజు సాయంత్రం రత్న పొయ్యి దగ్గర ఉంది, నేను దాని పక్కనే పీట మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతున్నాను. పప్పు రుచి చూసి అడిగింది.

"అక్కా, ఉప్పు యాడుంది?"

ఎన్ని రోజుల తర్వాతో అక్కా అంది. నేను తలెత్తాను. అది గోడ వైపు చూస్తోంది. నేను నోరు తెరిచేలోపు గోడ చెప్పింది, పై అరలో, మూలన ఉన్న జాడీలో అని. సరిగ్గానే చెప్పింది. సరేక్కా అంటూ రత్న లేచి, నన్ను దాటుకుని వెళ్ళి ఉప్పు తెచ్చుకుంది.